సేవాసంతలో మాయమైన దుర్భిణి

సరిగ్గా మూడు గంటలకు పెట్టె తెరిచారు. లోపల దుర్భిణి లేదు.

పసుపు గుడ్డలో చుట్టిన రెండు లావుపాటి పుస్తకాలున్నాయి.

మూడూ పదికి మైకులో ప్రకటన వచ్చింది. మూడూ పన్నెండుకు హాలు తలుపులు మూశారు. మూడూ ఇరవై అయిదుకు ఇన్‌స్పెక్టరు జీపు దిగింది.

ఆమెకు ఇలాంటి సేవాసంతలంటే మొదటినుంచీ గిట్టదు. మంచిపని చేస్తున్నామన్న ధీమాలో ఎవరూ ఏదీ జాగ్రత్త చెయ్యరు. పోయాక మాత్రం ఒకళ్ళనొకళ్ళు దొంగల్ని చూసినట్టు చూసుకుంటారు. పదిహేడేళ్ళ సర్వీసులో ఆమె నేర్చుకున్నది ఒక్కటే. టైము కచ్చితంగా చెప్పేవాణ్ణి అనుమానించాలి. చెప్పలేనివాణ్ణీ అనుమానించాలి. ఈ లెక్కన ఇంట్లో మొగుడు కూడా ఆమె దగ్గర ఆచితూచే మాట్లాడతాడు.

హాలు పొడుగ్గా ఉంది. రెండు వైపులా బల్లలు. వాటి మీద పాత బొమ్మలు, పింగాణీ కప్పులు, ఊలు టోపీలు, చిన్న చిన్న పూలకుండీలు. ఎదురుగా వేదిక. వేదిక మీద స్టాండుకు తగిలించిన మైకు. దాని వెనక గోడకు పెద్ద బ్యానరు కట్టారు. వినికిడి లేని పదకొండు మంది పిల్లలకు చెవి మిషన్లు కొనడం కోసం ఈ సంత అని దాని మీద రాసుంది.

కొనడానికొచ్చిన నలభై మందీ గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరి సంచిని వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

"రండి మేడమ్. నేనే కార్యదర్శిని. ఫోన్ చేసింది నేనే."

యాభై ఏళ్ళ మనిషి. మల్లెపువ్వులాంటి తెల్లబట్టలు. గుండెల మీద రిబ్బను బ్యాడ్జీ. వీధిలో పిల్లలు ఆయన్ని 'మైకు మామయ్య' అంటారు. ఏ సభ జరిగినా మైకు ఆయన చేతిలోంచి ఇంకొకరి చేతికి పోదు. ఆ మైకూ, స్టాండూ, స్పీకర్లూ అన్నీ ఆయన సొంతం. సంత ఏర్పాట్లు కుర్చీల దగ్గర్నుంచి రశీదుల దాకా ఆయనే చూశాడు. ఆయన చేస్తే తిరుగుండదని నలుగురూ అంటారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది.

"పోయిందేమిటి?"

"ఇత్తడి దుర్భిణి మేడమ్. ఓడ కెప్టెన్ గారిది. ఆయన పోయాక ఆయన భార్య మన సంతకిచ్చారు. ఆవిడకి మేడ దిగే ఓపిక లేదు. నిన్న సాయంత్రం నేనే వెళ్ళి తెచ్చాను."

"ఎంత చేస్తుంది?"

పక్కనున్న మనిషి కల్పించుకున్నాడు. పాత వస్తువుల వ్యాపారి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడలో భూతద్దం వేలాడుతోంది.

"ఫొటో చూసి మాటిచ్చాను మేడమ్. వస్తువు బాగుంటే నేనిచ్చే డబ్బుతో పదకొండు మందికీ మిషన్లొస్తాయి. రెండూ నలభైకి వచ్చాను. అయిదింటికి బయల్దేరాలి. మళ్ళీ ఇటు ఎప్పుడొస్తానో తెలీదు."

అంటే గంటన్నర టైముంది.

"పెట్టె ఎక్కడుండేది?"

"ఆఫీసు గదిలో." కార్యదర్శి జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "విరాళంగా వచ్చిన సామానంతా రాత్రి అందులోనే పెట్టి తాళం వేశాం. చెవి నా దగ్గరే ఉంది. పొద్దున ఎనిమిదికి నేనే తీశాను. తొమ్మిదికి బల్లల మీద పెట్టే సామాను బయటికి పంపించి, దుర్భిణి పెట్టె ఒక్కటీ లోపలుంచి మళ్ళీ తాళం వేశాను."

"దుర్భిణిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పన్నెండూ యాభై అయిదుకి. మూత తీసి ఈ కళ్ళతో చూశాను."

"టైము అంత బాగా గుర్తుందే."

"ఒంటిగంటకి భోజనాల ప్రకటన చెయ్యాలి కదా. వాచీ చూసుకున్నాను."

కానిస్టేబులు రాసుకున్నాడు.

"తర్వాత?"

"ఒకటీ పది నుంచి ఒకటీ నలభై దాకా అందరం వెనక షెడ్డులో భోంచేశాం. గదిలో ఒక్క మనిషే ఉంది." గొంతు తగ్గించాడు. "వేదిక తెర చిరిగితే కుట్టమని నేనే తాళం తీసి కూర్చోబెట్టాను. కుట్టు మిషను ఆ గదిలోనే ఉంది. నమ్మాను మేడమ్. అదే నా తప్పు."

ఆయన చూపు హాలు మూలకు వెళ్ళింది. నలభై మంది చూపూ అటే వెళ్ళింది.

మూలన కుర్చీలో ఒక దర్జీ కూర్చుని ఉంది. బడి పక్క సందులో పాతబట్టలు బాగుచేస్తుంది. 'బొత్తాల అక్క' అంటే అందరికీ తెలుసు. ముప్పై దాటి ఉండవు. ఆమె మోకాళ్ళకు ఆనుకుని అయిదేళ్ళ కూతురు నిలబడి ఉంది. ఆ పిల్ల ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటివైపే చూస్తోంది.

వాళ్ళ ముందు బల్ల మీద ఒక సంచి బోర్లించి ఉంది. దారపు ఉండలు, కత్తెర, కొలతల టేపు, బొత్తాల డబ్బా, ఖాళీ టిఫిన్ క్యారేజీ, పిల్ల గౌను. అన్నీ చెల్లాచెదురుగా పడున్నాయి.

"ఈ సంచి ఎవరు వెతికారు?"

"నేనే మేడమ్," అన్నాడు కార్యదర్శి. "అందరి ముందూ వెతికాను. దాపరికం ఉండకూడదు కదా."

"పోలీసులు రాకముందే?"

కార్యదర్శి బ్యాడ్జీ సర్దుకున్నాడు.

"మైకులో ఏమని చెప్పారు?"

ఆయన నోరు తెరిచేలోపే వ్యాపారి చెప్పాడు. "ఆఫీసు గదిలో ఉన్న మనిషి తీసిన వస్తువు తెచ్చి ఇవ్వకపోతే, ఆవిడ కూతురి పేరు మిషన్ల జాబితాలోంచి కొట్టేస్తామన్నారు."

ఇన్‌స్పెక్టరుకు ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండినంత మాత్రాన దర్జీ దొంగ కాకుండా పోదు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎన్నింటికొచ్చారమ్మా?"

"పన్నెండున్నరకి. పిల్లల బడి వ్యానులో, టీచర్లతో కలిసి. పొద్దుటినుంచీ బడిలోనే ఉన్నాను. పిల్లలు నాటకం వేస్తారంటే బట్టలు కుడుతున్నాను."

"పెట్టె ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను."

కానిస్టేబులు కలం ఆగింది.

"తెర పరవడానికి బల్ల చాల్లేదు. పెట్టె పక్కకి జరిపాను. బరువుగా ఉంది."

"తెరిచారా?"

"లేదు."

"ఆ అరగంటలో ఇంకెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"మీకు పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పడం లేదే."

"ఉంటే చెప్పనా మేడమ్." ఆమె కూతురి తల నిమిరింది. "నాలుగు నెలల్లో దీనికి ఆరు నిండుతాయి. ఆరు లోపల మిషను పెడితే మాట కూడా వస్తుందని డాక్టరు గారన్నారు. ఈ సంత దాటితే మళ్ళీ ఏడాదికి. నన్ను స్టేషనుకి రమ్మంటే వస్తాను. పేరు మాత్రం కొట్టెయ్యొద్దని చెప్పండి."

ఇన్‌స్పెక్టరు కార్యదర్శిని పక్కకు పిలిచింది.

"కూతురికి మిషను వస్తుంటే తల్లి దుర్భిణి ఎందుకు దొంగిలిస్తుంది?"

"జాబితాలో ఆఖరి పేరు మేడమ్. తనదాకా రాదేమోనని భయం. వస్తువు తనే అమ్ముకుంటే పోలా అనుకుని ఉంటుంది."

జవాబు మరీ నున్నగా ఉంది. ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. అయినా కొట్టిపారెయ్యడానికి లేదు. అవకాశం ఉన్నది ఆమెకే. గదిలో ఉన్నదీ ఆమే. పెట్టె ముట్టుకున్నదీ ఆమే.

ఇంతలో వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. బట్టతల, పాత కోటు, చెవి వెనక పెన్సిలు. వరండాలో పుస్తకాల బల్ల చూసుకునే రిటైరైన మాస్టారు.

"అమ్మా, నాదీ ఒక ఫిర్యాదుంది. నా పుస్తకాలు..."

"దుర్భిణి దొరకనివ్వండి మాస్టారూ. తర్వాత పుస్తకాలు."

"అదే చెప్తున్నాను. పొద్దుటినుంచీ ఎవరికి చెప్పినా..."

"తర్వాత."

మాస్టారు మూతి ముడుచుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

టైము నాలుగు.

ఆమె వేదిక వెనకనుంచి ఆఫీసు గదివైపు నడిచింది. దారిలో కానిస్టేబులు ఏదో తన్నుకుని తూలాడు. నేలమీద పొడవాటి నల్ల సంచి. జిప్పు చివరిదాకా లాగి మూసి ఉంది.

"మైకు స్టాండు సంచి," అన్నాడు కార్యదర్శి, గబగబా దాన్ని కాలితో గోడవారకు నెడుతూ. "చూసుకుని నడవాలయ్యా."

ఆఫీసు గదిలో ఒక బల్ల, ఒక కుట్టు మిషను, సగం కుట్టిన తెర. కిటికీకి ఇనపచువ్వలు. వాటి సందుల్లోంచి చెయ్యి దూరుతుందేమో గానీ దుర్భిణి దూరదు. దర్జీ తీసి ఉంటే గదిలోనైనా ఉండాలి, సంచిలోనైనా ఉండాలి. రెండు చోట్లా లేదు.

పెట్టె బల్ల మీదే ఉంది. ఆమె పసుపు గుడ్డ తీసి వాసన చూసింది. పుల్లగా, ముక్కు మండించే వాసన. గుడ్డ నిండా నల్లటి మరకలు. పుస్తకాలు రెండూ విజ్ఞాన సర్వస్వం సంపుటాలు. ఆరూ, ఏడూ. మొదటి పేజీ తిప్పి చూసింది. శుభ్రంగా ఉంది. చివరి పేజీ చూసింది. అదీ శుభ్రంగానే ఉంది. బయట ఎవరికీ చూపించకుండా ఇక్కడే పెట్టారేమని కార్యదర్శిని అడిగింది.

"చెత్త కదా మేడమ్. చూపించడానికేముంది?" ఆయన చేతులు దులుపుకున్నాడు.

ఆమె ఆ చేతులు చూసింది. బట్టలు అంత తెల్లగా ఉన్న మనిషికి గోళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి.

నాలుగూ పదికి ఆమె ఒక్కతే వరండాలోకి వచ్చింది. పుస్తకాల బల్ల మీద అట్టముక్కకు రాసిన బోర్డు నిలబెట్టి ఉంది.

'విజ్ఞాన సర్వస్వం. 16 సంపుటాల్లో 14 మాత్రమే. అందుకని వెల తగ్గించడమైనది.'

ఆమె ఆ బోర్డును రెండుసార్లు చదివింది. తర్వాత స్టూలు లాక్కుని మాస్టారి ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, మీ ఫిర్యాదేమిటో చెప్పండి."

"ఇప్పటికి తీరికైందా?"

"తప్పయింది. చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆమె మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా వింది. తర్వాత రెండే ప్రశ్నలడిగింది. కట్టలో పుస్తకాలు తక్కువైనట్టు ఎన్నింటికి చూశారు? ఎవరితో చెప్పారు? రెండిటికీ మాస్టారు తడుముకోకుండా జవాబిచ్చాడు.

నాలుగూ ఇరవై అయిదుకు అందరూ వేదిక ముందుకు చేరారు. ఇన్‌స్పెక్టరు మైకు దగ్గరికి పోలేదు. కింద నిలబడే మాట్లాడింది. ఎడమచేతిలో రెండు సంపుటాలూ ఉన్నాయి.

"ఇవి ఎవరివి మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నావే. ఆరూ, ఏడూ. మైకులో పెట్టె నిండా చెత్త ఉందన్నారు. ఇవా చెత్త?"

"వెల ఎక్కడ వేస్తారు?"

"మొదటి పేజీలో, పై మూల, పెన్సిలుతో. ప్రతి పుస్తకం కాస్తయినా చదివి వెల కడతాను. నా బల్ల మీదికొచ్చిన పుస్తకం వెల లేకుండా ఉండదు."

ఆమె మొదటి పేజీలు తెరిచి పట్టుకుంది. పై మూలలు ఖాళీగా ఉన్నాయి.

"వీటి మీద లేదు. ఎందుకు?"

"నా బల్ల దాకా రాలేదు కాబట్టి. నిన్న సాయంత్రం పదహారు సంపుటాలకీ నేనే తాడు కట్టి ఆఫీసు గదిలో పెట్టాను. పొద్దున తొమ్మిదింటికి బయటికొచ్చిన కట్టలో పద్నాలుగే ఉన్నాయి. తాడు ముడి కూడా నాది కాదు. వెంటనే కార్యదర్శిగారితో చెప్పాను. పోతే పోయాయి, ఎందుకు గోల అన్నారు."

ఇన్‌స్పెక్టరు కార్యదర్శి వైపు తిరిగింది.

"గదికి రాత్రి తాళం ఉంది. చెవి మీ దగ్గర. ఎనిమిదికి తీశారు. తొమ్మిదికి పుస్తకాలు బయటికి పంపారు. రెండు సంపుటాలు ఆ గంటలోపలే తగ్గాయి. అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"నేనే. కానీ..."

"ఈ అమ్మ వచ్చింది పన్నెండున్నరకి. వ్యాను నిండా సాక్షులున్నారు. తొమ్మిదికే గదిలో మాయమైన పుస్తకాలు ఈమె చేతికెలా వస్తాయి?"

కార్యదర్శి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎవరైనా తీసి దాచి, ఒంటిగంటకి పెట్టెలో..."

"ఎవరైనా కాదు. పొద్దున ఆ గదిలో ఉన్నది మీరే. పన్నెండూ యాభై అయిదుకి దుర్భిణి చూశానన్నదీ మీరే. ఆ మాట తీసేస్తే పెట్టెలో పొద్దుటినుంచీ పుస్తకాలే ఉన్నాయి. ఆ మాట ఉంటేనే ఈమె దొంగ. అందుకే ఆ మాట చెప్పారు."

హాల్లో అందరి చూపూ కార్యదర్శి మీదే ఉంది. ఎవరి సంచినీ ఎవరూ చూడడం లేదు.

"నేనెందుకు దొంగతనం చేస్తాను మేడమ్? సంత పెట్టిందే నేను."

"దొంగతనం అని నేననలేదు." ఆమె పసుపు గుడ్డ ఎత్తి చూపించింది. "ఇది ఇత్తడికి మెరుగు పెట్టే గుడ్డ. వాసన పోలేదు. మీ గోళ్ళ నలుపూ పోలేదు." వేదిక వైపు చూసింది. "సంత అయిపోయినట్టేగా. ఆ మైకు తీసి, స్టాండు మడిచి, సంచిలో పెట్టండి."

కార్యదర్శి వేదిక వెనక్కి ఓ చూపు విసిరాడు.

"పొద్దుటినుంచీ స్టాండు వేదిక మీదే ఉంది. మరి వెనక ఆ సంచి నిండుగా ఎందుకుంది?"

కానిస్టేబులు పరుగెత్తాడు. జిప్పు లాగిన చప్పుడు హాలంతా వినబడింది. పాత బ్యానరులో చుట్టిన దుర్భిణి బయటికొచ్చింది. కొత్త గిన్నెలా మెరుస్తోంది. వ్యాపారి దాన్ని అందుకుని, భూతద్దం పెట్టి, ముందు అద్దం వైపు చూశాడు. ముఖం మాడిపోయింది.

"అద్దానికి కూడా మెరుగు పెట్టారు."

"వెలుతురులో మసకగా కనబడింది," అన్నాడు కార్యదర్శి. మైకు లేకపోతే ఆయన గొంతు చాలా చిన్నది. "మీరొచ్చేసరికి ధగధగలాడాలనుకున్నాను. ఇత్తడి తుడిచిన గుడ్డతోనే అద్దం తుడిచాను. గీతలు పడ్డాయి. ఎంత తుడిస్తే అంత పడ్డాయి. చేతులాడలేదు."

"ఆ మాట పొద్దున్నే చెప్తే ఏమయ్యేది?"

"పోయిందంటే నా తప్పు కాదు మేడమ్. పాడైందంటే నా తప్పు." ఆయన తల వంచుకున్నాడు. "ఇన్నేళ్ళలో నా చేతిలో ఏదీ పాడవలేదు. ఆ పేరు పోతుందని..."

"అందుకని ఈమె పేరు పోగొట్టారు."

"ఎవరో ఒకరి మీద అనుమానం పోతుందిలే అనుకున్నాను. ఈవిడని తెర కుట్టడానికి కూర్చోబెట్టాక... తేలికైపోయింది."

నిజం చెప్పడం మొదలెట్టాక మనిషి ఏదీ దాచలేదు. అది మాత్రం ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే కానిస్టేబుల్ని స్టేట్‌మెంట్ రాయమంది. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు రేపు పదింటికి స్టేషనుకు రావాలని కార్యదర్శికి చెప్పింది.

వ్యాపారి దుర్భిణిని అటూ ఇటూ తిప్పాడు. "అద్దం మార్పించాలి. ఆ ఖర్చు నా ధరలో తగ్గుతుంది. ఏడుగురు పిల్లల దాకా ఇవ్వగలను."

దర్జీ పెదవులు కదిలాయి. ఏడు దగ్గర ఆగితే పదకొండోది ఎక్కడ? కూతురు తల్లి పెదవులవైపు చూసి, తర్వాత కార్యదర్శి వైపు చూసింది.

ఆయన ఆ చూపు తట్టుకోలేకపోయాడు. "మిగతా నలుగురివీ నావి. ఈ మైకు సెట్టు సంతలో పెట్టేస్తాను."

"వెల నేను కడతాను," అన్నాడు మాస్టారు వెంటనే, చెవి వెనక పెన్సిలు తీస్తూ.

"అది చాలకపోతే?" అంది ఇన్‌స్పెక్టరు.

"చాలేదాకా నాదే బాధ్యత. జాబితాలో ఏ పేరూ కొట్టెయ్యం. రాసిస్తాను."

రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టరు చదివి, మడిచి దర్జీకిచ్చింది. ఆమె రెండు చేతులతో ఆ కాగితం అందుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

కార్యదర్శి వేదికెక్కి మైకు పట్టుకున్నాడు. "అందరి ముందూ అన్నాను. క్షమాపణ కూడా అందరి ముందే..."

"మైకులో వద్దండీ," అంది దర్జీ.

అందరూ ఆమె వైపు తిరిగారు. అప్పటిదాకా ఆమె అడిగినదానికి తప్ప మాట్లాడలేదు.

"మీరు మైకులో అన్నది నా కూతురికి వినబడలేదు. ఈ హాల్లో ఆ మాట వినంది ఇదొక్కతే. ఇప్పుడు చెప్పినా వినబడదు. మీరు నా సంచి బోర్లించడం మాత్రం చూసింది."

కార్యదర్శి మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. ఇన్‌స్పెక్టరు బల్లవైపు చెయ్యి చూపించింది.

ఆయన దిగి వచ్చాడు. బల్ల ముందు వంగి ఒక్కొక్కటే సంచిలో పెట్టడం మొదలెట్టాడు. దారపు ఉండలు. కత్తెర. టేపు చుట్టి పెట్టాడు. గౌను మడతపెట్టాడు. తొందరగా కానిచ్చేద్దామనుకున్నాడు గానీ, చిన్న చిన్న వస్తువులు తొందర పడనివ్వలేదు. పిల్ల మొదటిసారి మనిషి నోరు వదిలేసి చేతులవైపు చూసింది.

చివరికి ఆయన సంచి ఎత్తి పిల్లకు అందించాడు.

పిల్ల తీసుకోలేదు. వేలు చాపి ఆయన జేబు చూపించింది.

ఆయనకు అర్థం కాలేదు. తల్లి గబుక్కున పిల్ల చెయ్యి దించింది. పిల్ల మళ్ళీ ఎత్తింది. మళ్ళీ జేబే చూపించింది.

నలభై మందికీ ఒక్కసారే అర్థమైంది. అమ్మ వస్తువులు బల్ల మీద పోశారు. మరి ఈయనవో?

కార్యదర్శి ముఖం కందగడ్డ అయింది. ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయానికీ రాలేదు. ఆయన సంచి కింద పెట్టాడు. జేబుల్లోంచి రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. తాళంచెవులు పెట్టాడు. కళ్ళజోడు డబ్బా పెట్టాడు. పదకొండు పేర్ల జాబితా కూడా పెట్టాడు. తర్వాత రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. తెల్లబట్టల మీద ఆ జేబులు వేలాడుతూ ఉండిపోయాయి.

పిల్ల బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నిలబడింది. అన్నిటినీ శ్రద్ధగా చూసింది. కళ్ళజోడు డబ్బా మూత తీసి, లోపల చూసి, మళ్ళీ మూసింది. ఇన్‌స్పెక్టరు తన సర్వీసులో ఇంతకంటే నికార్సయిన సోదా చూడలేదు.

అక్కడ అమ్మది ఏదీ లేదని తేలాక, పిల్ల ఆ వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తీసి ఆయన చేతిలో పెట్టింది. పిల్ల సంచి రెండు చేతులతో ఎత్తుకుంది. అది మోకాళ్ళకు తగులుతున్నా తల్లికివ్వలేదు.

నాలుగూ యాభైకి తల్లీకూతుళ్ళు తలుపుదాకా నడిచారు. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. తలుపు ఇంకా మూసే ఉంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి తనే గడియ తీసింది.